కనిపించకుండా పోయిన వెబ్ పేజీ పాత కాపీని థీసిస్‌లో చూపించొచ్చా?

మీరు ఆధారంగా తీసుకున్న పేజీ ఇప్పుడు తెరుచుకోవడం లేదు, పాత కాపీ మాత్రం దొరికింది, దాన్ని థీసిస్‌లో చూపిస్తే ఒప్పుకుంటారా అని అడిగారు. నాది ఒప్పుకున్నారు. కాకపోతే కాపీ తేదీ కూడా రాయాలి.

నా పరిశోధన చేనేత సహకార సంఘాల మీద. జిల్లాలవారీ మగ్గాల లెక్క ఒక సైటు నుంచి తీసుకున్నాను. డ్రాఫ్టు చదువుతూ మా గైడ్ మేడమ్ ఆ లింకు నొక్కితే పేజీ లేదు. "ఈ అంకె ఎక్కడిదమ్మా?" అన్నారు. నా దగ్గర ప్రింటవుట్ కూడా లేదు. ఆ రాత్రంతా ఒకటే టెన్షన్.

మర్నాడు ఆ లింకును వేబ్యాక్ మెషీన్‌లో వేశాను. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లది అది. 1996 నుంచి పేజీల కాపీలు తీసి దాస్తున్నారు. అందులోని క్యాలెండర్లో మూడు తేదీల మీద చుక్కలు కనిపించాయి, అంటే ఆ రోజుల్లో కాపీలు తీశారన్నమాట. మూడూ తెరిచాను. మొదటి రెండింట్లో ఒక జిల్లాకు ఒక అంకె ఉంది, మూడోదాంట్లో వేరే అంకె. సవరించామన్న మాట పేజీలో ఎక్కడా లేదు. నేను రాసుకున్నది మూడోదాంట్లోది. రెండు అంకెలనూ వాటి తేదీలతో అధ్యాయంలో పెట్టాను. పేజీ బతికే ఉంటే ఆ తేడా నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

తేదీ కోసం కాపీ లింకులోని 14 అంకెలు చూడండి. 20070314193000 అని ఉంటే 2007 మార్చి 14, రాత్రి ఏడున్నర. అది గ్రీనిచ్ టైము. మనకు అప్పటికి తేదీ మారిపోయి 15వ తేదీ అర్ధరాత్రి దాటి ఒంటిగంట అవుతుంది. ఇంకో సంగతి, పేజీలోని బొమ్మలు వేరే రోజు తీసినవి కావచ్చు. మీ పట్టిక బొమ్మ రూపంలో ఉంటే దాని తేదీ విడిగా చూసుకోండి.

పాత తెలుగు పత్రికల పేజీలైతే ఇంకో చిక్కుంది. యూనికోడ్‌కి (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు ఒకేలా చదవగలిగే పద్ధతికి) మారకముందు ఒక్కో పత్రిక ఒక్కో సొంత ఫాంటు వాడేది. ఆ ఫాంటు లేకపోతే తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. కాపీ పాడైందనుకుని వదిలేయకండి, వార్త అందులోనే భద్రంగా ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే యాడాన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) దాన్ని యూనికోడ్‌లోకి మార్చేది. 2017లో ఫైర్‌ఫాక్స్ పాత తరహా యాడాన్లను ఆపేసింది కాబట్టి నేను పాత వెర్షన్ వేసుకుని చదివాను.

గూగుల్ క్యాష్ (గూగుల్ తన దగ్గర దాచుకున్న పేజీ కాపీ) కోసం వెతక్కండి, వెతుకులాట ఫలితాల్లో ఉండే ఆ లింకును 2024లో తీసేశారు. ఉన్నప్పుడు కూడా అందులో దొరికేది చివరగా తీసిన కాపీ ఒక్కటే.

మీ థీసిస్‌లో ఇంకా తెరుచుకుంటున్న లింకులు ఉంటాయి కదా, వాటిని ఒక్కొక్కటిగా వేబ్యాక్ మెషీన్‌లోని 'సేవ్ పేజ్ నౌ' పెట్టెలో వేసి, వచ్చిన కొత్త లింకును పాతదాని పక్కనే రాసుకోండి. దయచేసి ఈ రోజే మొదలుపెట్టండి.