ఇల్లు బ్యాంకుకే వదిలేస్తే పీడ పోతుందా?

ప్రశ్న: కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు 2022 జనవరిలో 34 లక్షలకు ఫ్లాటు కొన్నాం. హోమ్ లోన్ 25 లక్షలు, 6.9 శాతం, 20 ఏళ్లు, ఈఎంఐ 19,233. లోన్ మంజూరయ్యాక, తక్కువపడిన డబ్బుకు 14 శాతం మీద 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాం, ఐదేళ్లకు. ఏడాది తిరిగేసరికి హోమ్ లోన్ ఈఎంఐ 21,100 అయింది, గడువు 27 ఏళ్లకు పోయింది. ఇప్పుడు వడ్డీ 8.15 శాతం, బాకీ 23.8 లక్షలు. ఫ్లాటును 29 లక్షలకు మించి ఎవరూ అడగడం లేదు. జీతం అప్పుడు 52 వేలు, ఇప్పుడు 60 వేలు. తప్పు బ్యాంకుదా, బిల్డరుదా, మాదా? ఇల్లు బ్యాంకుకే వదిలేస్తే పీడ పోతుందా?

జవాబు: ముందు రెండో ప్రశ్న. పోదు. 2008 సంక్షోభంలో అమెరికాలో చాలామంది తాళాలు బ్యాంకుకిచ్చి వెళ్లిపోయారు. అక్కడి కొన్ని రాష్ట్రాల్లో ఇంటి కోసం తీసుకున్న అప్పుకు ఇల్లు పోతే, మిగిలిన బాకీ అడిగే వీలుండదు. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆపైన, తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, స్వాధీనం, వేలం. వేలంలో తక్కువొస్తే మిగతాది మీరే కట్టాలి. మీకైతే ఇంకా ఐదు లక్షల పైచిలుకు ఆ ఫ్లాటులో ఉంది. అమ్మక తప్పదనుకుంటే మీరే అమ్ముకోండి.

ఇక తప్పు సంగతి. మీరు లోన్ తీసుకున్నప్పుడు రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 4 శాతం. కోవిడ్ కోసం పెట్టిన రేటది, శాశ్వతం కాదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు అది 6.5కు చేరింది. మీ హోమ్ లోన్ వడ్డీ దానితో పాటే పెరిగేది కాబట్టి 9.4 అయింది. దాదాపు 24.6 లక్షల బాకీ మీద నెల వడ్డీయే 19,270. అంటే పాత ఈఎంఐ పూర్తిగా కట్టినా వడ్డీకే 37 రూపాయలు తక్కువ! అందుకే ఈఎంఐ, గడువు రెండూ పెరిగాయి. పెంచడం ఒప్పందంలో ఉన్నదే. మిమ్మల్ని అడక్కుండా గడువు సాగదీసి ఉంటే మాత్రం అది బ్యాంకు తప్పు. ఈఎంఐ పెంచుకుంటారా, గడువా, రెండూనా అని అడగాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పాల్సి వచ్చిందంటేనే అప్పటిదాకా ఏం జరిగిందో తెలుస్తుంది.

ధర విషయంలో బ్యాంకును అనలేం. కర్నూలుకు న్యాయ రాజధాని అన్న మాట 2019 డిసెంబరులో వచ్చింది. మూడు రాజధానుల చట్టాన్ని 2021 నవంబరులో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. రాజధాని ఆశ మీద ధర నిలుస్తుందనుకోవడానికి లేదు, మీరు కొన్నది ఆ తర్వాత రెండు నెలలకు. ఫ్లాటు ధర పడిందని బిల్డరు మీద రెరాకు (బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే సంస్థకు) వెళ్లలేరు. అప్పగింత ఆలస్యమైతే వెళ్లొచ్చు. స్వాధీనమైన ఐదేళ్లలో గోడలు, స్లాబులో లోపం బయటపడినా అడగొచ్చు.

నా లెక్కలో పెద్ద తప్పు ఆ పర్సనల్ లోన్. దాని కంతు నెలకు 11,634. రెండూ కలిపితే మొదటి నెలే 30,867, జీతంలో 59 శాతం. మంజూరు తర్వాత తెచ్చిన అప్పు కాబట్టి బ్యాంకు లెక్కలోకి రాలేదు. వడ్డీ రేటు పెరగకపోయినా మీకు ఊపిరాడేది కాదు.

అదృష్టం ఏమిటంటే, దానికి ఇంకో ఏడాదే మిగిలింది, బాకీ సుమారు 1.3 లక్షలు. చేతిలో డబ్బుంటే ఫోర్‌క్లోజర్ ఛార్జీ (గడువుకు ముందే తీర్చేస్తే వేసే రుసుము) కనుక్కుని ముందు దాన్నే తీర్చండి, అప్పటిదాకా హోమ్ లోన్‌కు ఈఎంఐ మించి కట్టకండి. అది తీరిన నెల నుంచి ఆ 11,600 హోమ్ లోన్‌కు కలపండి. రేటు ఇలాగే ఉంటే ఇప్పుడు మిగిలిన దాదాపు 18 ఏళ్లు ఎనిమిదిన్నరకు దిగుతాయి. హోమ్ లోన్‌ది ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ కాబట్టి ముందుగా కట్టినందుకు ఛార్జీ ఉండదు. అయితే కట్టిన ప్రతిసారీ గడువు తగ్గించమని రాసివ్వండి, లేదంటే ఈఎంఐ తగ్గించి ఊరుకుంటారు. ఈలోగా మూడు ఈఎంఐలు ఎఫ్‌డీలో పెట్టి దాన్ని ముట్టుకోకండి.

ఈ వారమే బ్యాంకుకు ఒక లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మిగిలిన వాయిదాలెన్నో, 2025లో రెపో రేటులో తగ్గిన 1.25 శాతం ఏ తేదీల్లో మీ ఖాతాకు వర్తించిందో అడగండి. కొత్తవాళ్లకు మీకన్నా తక్కువ రేటిస్తుంటే, స్ప్రెడ్ (రెపో మీద బ్యాంకు అదనంగా వేసుకునే శాతం) తగ్గించమనీ అందులోనే రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ లేదు.