సెమినార్‌కు సిద్ధమవుతున్న మేనకోడలికి

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

ప్రభుత్వ సొమ్ముతో జరిగిన పరిశోధన మన చేతిలోని వస్తువుగా ఎలా మారుతుందో కాలేజీ సెమినార్‌లో చెప్పాలని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశావు. ఇంటర్నెట్, జీపీఎస్ అంటూ అన్నిటినీ ఏకరువు పెట్టకు. ఫోనులోని ఒక్క భాగాన్ని పట్టుకుని దాని పుట్టుక దాకా వెళ్లు. నన్నడిగితే కెమెరాను ఎంచుకోమంటాను.

1990ల మొదట్లో అమెరికాలో, నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ అనే ఇంజినీరు వ్యోమనౌకల కెమెరాలను చిన్నవిగా, తక్కువ విద్యుత్తుతో నడిచేవిగా చేసే మార్గం వెతికాడు. అప్పటి కెమెరాల్లో బొమ్మను పట్టే సీసీడీ అనే సెన్సరు చిప్పులో, వెలుతురు పడి పుట్టిన విద్యుదావేశాన్ని ఒక గడి నుంచి పక్క గడికి అందించుకుంటూ చిప్పు అంచు దాకా చేర్చవలసి వచ్చేది. ఫోసమ్ బృందం ప్రతి గడిలోనూ సంకేతాన్ని పెంచే ట్రాన్సిస్టరును అమర్చి, కంప్యూటర్ చిప్పులు తయారయ్యే సీమాస్ పద్ధతిలోనే సెన్సరును రూపొందించింది. ఆయన 1995లో ఫోటోబిట్ కంపెనీని స్థాపించగా, 2001లో దాన్ని చిప్పుల కంపెనీ మైక్రాన్ కొనుక్కుంది. బొమ్మ నాణ్యత పెంచి, ధర తగ్గించి, సెన్సరును ప్రతి జేబులోకీ చేర్చింది కంపెనీలే. ఫలితం వస్తుందో రాదో తెలియని తొలి దశ ఖర్చును మాత్రం ప్రజాధనం భరించింది. ఈ రెంటిలో ఏ ఒక్కదాన్ని దాటవేసినా నువ్వు చెప్పేది సగమే అవుతుంది.

విన్నదాన్నల్లా నమ్మవద్దు. పెనానికి అంటుకోకుండా పూసే టెఫ్లాన్‌ను నాసా కనిపెట్టిందని చాలామంది అంటారు. అది 1938లోనే డ్యుపాంట్ కంపెనీలో దొరికింది, నాసా పుట్టింది 1958లో. ప్రభుత్వ నిధులతో చేసిన ఆవిష్కరణ అయితే అమెరికా పేటెంటు పత్రంలో ఆ సంగతి రాసి ఉంటుంది. 1980 నాటి బై–డోల్ చట్టం అలా చెప్పాలని విధించింది. ఆ వాక్యాన్ని వెతికి పట్టుకుని, తెర మీద చూపించు.

మన తీరం సంగతీ చేర్చు. హైదరాబాదులో సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడినీ నీటిలోని పత్రహరితాన్నీ బట్టి చేపలు దొరికే చోటు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో, అక్కడ సముద్రం ఎంత లోతుందో మత్స్యకారులకు తెలియజేస్తుంది. ఇక్కడ పరిశోధనకూ వాడేవారికీ నడుమ కంపెనీ లేదు, ప్రభుత్వ సంస్థే నేరుగా అందిస్తోంది. కెమెరా దారికీ దీనికీ ఉన్న ఈ తేడాను తప్పక వివరించు. సెలవులకు వచ్చినప్పుడు కళింగపట్నం వెళ్లి, ఆ సూచనలు ఏ వేళకు అందుతున్నాయో, వాటిని నమ్మి ఎంత దూరం వెళుతున్నారో పడవల వాళ్లనే అడిగి రాసుకో.

ఇట్లు,
మీ మావయ్య