టెక్ సందేహాలు: దిద్దిన ఫొటో నేరుగా ఆల్బమ్‌లోకి

సందేహం: సెలవు దొరికితే కెమెరా పట్టుకుని ఎర్రమట్టి దిబ్బలకో, అరకుకో వెళ్తుంటాను. లైట్‌రూమ్ క్లాసిక్‌లో దిద్దిన ఫొటోలను ఫోల్డర్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి, బ్రౌజర్ తెరిచి ఫొటోలు పంచుకునే వెబ్‌సైట్ ఫ్లికర్‌లోకి, మళ్లీ చుట్టాల కోసం గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కిస్తున్నాను. ఒక్క ఫొటోలో రంగు మార్చినా పని మొదటికొస్తోంది. సులువైన దారి ఉందా?
- ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: సగం దారి మీ కంప్యూటర్లోనే ఉందండీ. లైట్‌రూమ్ లైబ్రరీలో ఎడమవైపు అడుగున 'పబ్లిష్ సర్వీసెస్' చూడండి. ఫ్లికర్ ప్లగిన్ (లైట్‌రూమ్‌కు అదనపు పని నేర్పే చిన్న సాఫ్ట్‌వేర్) అందులో ముందే ఉంటుంది. ఒకసారి లాగిన్ అయి అనుమతి ఇచ్చాక, ఫొటోలను అందులోకి లాగి పబ్లిష్ నొక్కడమే.

ఎక్స్‌పోర్ట్ చేసిన ఫొటోను లైట్‌రూమ్ అంతటితో వదిలేస్తుంది. పబ్లిష్ చేసినదాన్ని మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. దిబ్బల ఎరుపు మరీ ఎక్కువైందని రేపు తగ్గించారనుకోండి, ఆ ఒక్క ఫొటోనే మళ్లీ పంపాల్సిన వరుసలోకి వస్తుంది. అయితే జాగ్రత్త! పబ్లిష్ సర్వీసెస్‌లోంచి ఫొటో తీసేసి పబ్లిష్ నొక్కితే ఫ్లికర్‌లోనూ పోతుంది. పైగా ఉచిత ఖాతాకు 1000 ఫొటోలే పరిమితి కాబట్టి, నచ్చినవే ఏరి పంపండి.

గూగుల్ ఫొటోస్‌కు వేరేవాళ్లు తయారుచేసిన ప్లగిన్ కావాలి. దాని జిప్ ఫైలును విప్పి, ఫోల్డర్‌ను ఒక స్థిరమైన చోట పెట్టుకున్నాకే ఫైల్ మెనూలోని ప్లగిన్ మేనేజర్‌లో 'యాడ్' నొక్కండి. డౌన్‌లోడ్స్‌లోనే వదిలేసి తర్వాత చెత్తతోపాటు డిలీట్ చేస్తే ప్లగిన్ పనిచేయదు. ఫోన్లో మీరు చేసిన పాత ఆల్బమ్‌లోకి ఫొటోలు ఎక్కకపోతే టెన్షన్ పడకండి. అది గూగుల్ నిబంధన. బయటి సాఫ్ట్‌వేర్ తాను సృష్టించిన ఆల్బమ్‌లోనే ఫొటోలు చేర్చగలదు. అందుకని ఆల్బమ్‌ను ప్లగిన్‌తోనే చేయించి, చుట్టాలకు లింకు మాత్రం గూగుల్ ఫొటోస్‌లోంచి పంపండి. లైట్‌రూమ్‌కు డబ్బు కట్టలేని మిత్రులుంటే డిజికామ్ అనే ఫొటోల సాఫ్ట్‌వేర్ చెప్పండి. పూర్తిగా ఉచితం, ఫ్లికర్‌కు ఎక్కించే సదుపాయం అందులోనూ ఉంది.

ఒక్క సెట్టింగ్ మాత్రం తప్పకుండా చూడండి. పబ్లిష్ సెట్టింగుల్లోని మెటాడేటా (ఫొటోతోపాటు దాగి ఉండే వివరాలు) భాగంలో 'రిమూవ్ లొకేషన్ ఇన్ఫో' దగ్గర టిక్ పెట్టండి. అరకు లోయ ఎక్కడుందో అందరికీ తెలిసినా ఫర్వాలేదు. ఇంట్లో ఫోనుతో తీసిన పిల్లల ఫొటోలో మీ ఇల్లు మ్యాపులో ఎక్కడుందో ఉండకూడదు.

సందేహం: వాట్సాప్‌లో పంపితే ఫొటోలు మసకబారుతున్నాయి.
- గాజువాక నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వాట్సాప్ ఫొటో సైజు తగ్గించి పంపుతుందమ్మా. అటాచ్‌మెంట్లో 'డాక్యుమెంట్' ఎంచుకుంటే ఉన్నదున్నట్టు వెళ్తుంది. లొకేషన్ వివరాలు కూడా దాంతోపాటే వెళ్తాయి కనుక, తెలియని గ్రూపుల్లో అలా పంపకండి.