చలికి స్వెటర్లు సరే, పైపుల సంగతేమిటి?

సంక్రాంతికి టెక్సాస్ నుంచి అమలాపురం వచ్చిన ప్రతిసారీ, డల్లాస్‌కో హ్యూస్టన్‌కో వెళ్లబోతున్న పిల్లలూ వారి తల్లిదండ్రులూ నన్ను అడిగేది ఒక్కటే: ఎన్ని స్వెటర్లు సర్దుకోవాలి అని. పుష్యమాసపు వేకువ చలికే మంకీ క్యాపు తగిలించుకునే కోనసీమ వాళ్లం కనుక ఆ ప్రశ్న సహజమే. స్వెటర్లు అక్కడా దొరుకుతాయి. టెక్సాస్‌లో హఠాత్తుగా వచ్చే గడ్డకట్టే చలి మన జేబుకు చిల్లు పెట్టేది ఇంటి నీటి పైపుల దగ్గర, ఆ తరువాత కారు బ్యాటరీ దగ్గర. వాటి గురించి అడిగినవారు ఇంతవరకు నాకు తారసపడలేదు.

అక్కడి ఇళ్లు ప్రధానంగా ఎండను దృష్టిలో పెట్టుకొని కట్టినవి. చాలా ఇళ్లలో నీటి పైపులు అటక మీదుగానో బయటి గోడల్లోనో పోతాయి. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఆ గడ్డకూ మూసి ఉన్న కుళాయికీ నడుమ చిక్కుకున్న నీటి ఒత్తిడికి పైపు పగులుతుంది, కాని గడ్డ కరిగి నీరు కారేదాకా ఆ సంగతి మనకు తెలియదు.

డల్లాస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) జరిగిన 2011 ఫిబ్రవరిలో, నేను సొంత ఇంట్లో గడిపిన తొలి శీతాకాలంలో, ఇదంతా నా ఖర్చుతో నేర్చుకున్నాను. రాత్రికి కుళాయిలు సన్నధారగా వదిలి ఉంచమని పక్కింటి పెద్దాయన చెప్పాడు. కాలువ గట్టున పుట్టినా, కుళాయి కారితే ఇంట్లో డబ్బు నిలవదని అమ్మ కోప్పడే ఇంట్లో పెరిగినవాణ్ణి కావడం వల్ల, ఆయన మాట విని తలూపి, లోపలికి వచ్చి అన్నింటినీ మరింత బిగించాను. గ్యాస్ బిల్లుకు భయపడి హీటరు కూడా బాగా తగ్గించి, రెండు దుప్పట్లు కప్పుకొని పడుకున్నాను. పెరట్లో మొక్కలకు నీళ్లు పెట్టే గొట్టం కుళాయికి తగిలించే ఉంది. ఎండ వచ్చాక గ్యారేజీ గోడలోంచి నీరు పొంగింది. నీటిని ఆపే వాల్వు ఎక్కడుందో నాకు తెలియదు. అది వీధి అంచున, నేలలోని మీటరు పెట్టెలో ఉంటుందనీ, తిప్పడానికి పొడుగాటి ఇనుప కీ కావాలనీ తెలుసుకునేలోగా కార్పెట్లు తడిసి, గోడ పలకలు ఉబ్బిపోయాయి. బీమా ఉంది గాని, డిడక్టబుల్ కింద, అంటే బీమా చెల్లించక ముందు మనమే భరించాల్సిన వాటా కింద, నా చేతి నుంచి రెండు వేల డాలర్ల పైచిలుకు పోయింది. ఆ రాత్రి నీటిలోనూ గ్యాసులోనూ నేను మిగుల్చుకున్నది ఒక భోజనం ఖరీదు కూడా చేయదు.

కాబట్టి ఇల్లు కొన్న వారంలోనే వాల్వు ఎక్కడుందో చూసి, కీ కొని, ఇంట్లో అందరిచేతా ఒకసారి తిప్పించండి. చలి హెచ్చరిక రాగానే పెరటి గొట్టం విప్పి, బయటి కుళాయిలకు ఫోమ్ తొడుగులు వేయండి. ఇంట్లోకి నీరు వచ్చే మెయిన్ పైపుకు అన్నిటికంటే దూరంగా ఉన్న కుళాయిని, వేడి చల్లని రెండు వైపులా, సన్నగా కారనివ్వండి. బయటి గోడకున్న సింకు కింది తలుపులు తెరిచి ఉంచండి. పండుగకు ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చేవారు వాల్వు కట్టేసి, పైపుల్లో నీరు ఖాళీ చేసి, హీటరును మాత్రం 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు (సుమారు 13 సెల్సియస్‌కు) తగ్గకుండా ఉంచి రావాలి. ఇంటిని వెచ్చగా ఉంచలేదన్న కారణంతో బీమావాళ్లు పరిహారం నిరాకరించే అవకాశం ఉంది. ఆ నిబంధనలు మీ పాలసీలో మీరే చదువుకోగలరు.

2021 ఫిబ్రవరి 16న డల్లాస్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 19 సెల్సియస్ దాకా పడిపోయి, లక్షల ఇళ్లకు కరెంటు పోయినప్పుడు, పైపులు పగిలిన మా వీధివాళ్లు నీళ్లకు మా ఇంటికే వచ్చారు. 1996 నవంబరులో కోనసీమ తుపాను చూసినవాణ్ణి, ముందురోజే బకెట్లూ బాత్‌టబ్బూ నింపి పెట్టాను. కరెంటు లేదని బొగ్గుల పొయ్యి ఇంట్లో వెలిగించడం, గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చోవడం మాత్రం వద్దు. ఆ వారంలో వాటి పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుతో మనుషులు చనిపోయారు.

కారు విషయంలో ఖర్చు తక్కువే. గడ్డకట్టే చలిలో బ్యాటరీ శక్తి మూడో వంతు దాకా తగ్గుతుంది కనుక, నాలుగేళ్లు దాటిన బ్యాటరీని నవంబరులోనే పరీక్ష చేయించండి. విడిభాగాల దుకాణాల్లో చాలావరకు ఉచితంగానే చేస్తారు. మన ఊళ్లలో లాగా రేడియేటరులో ఉత్త నీళ్లు పోయకూడదు, నీళ్లు గడ్డకట్టకుండా ఆపే కూలెంటు ద్రవం సగం సగం కలిపి ఉండాలి. అద్దం మీది మంచుకు వేడినీళ్లు పోస్తే అద్దమే పగలవచ్చు, గీకుడుపలక రెండు మూడు డాలర్లకే వస్తుంది. వంతెనలు రోడ్ల కంటే ముందు గడ్డకడతాయి కాబట్టి ఆ రోజు ఇంట్లోనే ఉండండి. కారు దెబ్బతింటే మళ్లీ డిడక్టబులే.

అపార్ట్‌మెంటులో అద్దెకుండేవారికి పైపుల బాధ్యత ఉండదు గాని, పై అంతస్తు నీళ్లు మీ ల్యాప్‌టాప్ మీద పడితే యజమాని బీమా దానికి చెల్లించదు. అద్దెకుండేవారి సామానుకు నెలకు కొద్ది డాలర్లతో దొరికే బీమా, రెంటర్స్ ఇన్సూరెన్సును తాళాలు తీసుకున్న రోజే కట్టండి.