తెలంగాణ హైకోర్టు తీర్పు బెంగళూరు సివిల్ కోర్టులో చెల్లుతుందా?

చూపించవచ్చు, కానీ జడ్జి దాన్ని పాటించి తీరాలని లేదు. అక్కడి కింది కోర్టులు కట్టుబడాల్సినవి: రాజ్యాంగం 141వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు చెప్పిన న్యాయసూత్రం, కర్ణాటక హైకోర్టు తీర్పులు. వేరే హైకోర్టు తీర్పు ఒప్పించడానికే. కర్ణాటకలో ఆ అంశంపై ఏదీ లేనప్పుడు దానికి బరువెక్కువ.

తీర్పులో ప్రతి మాటా ప్రిసిడెంట్ (తర్వాతి కేసులకు ప్రమాణం) కాదు. కేసు తేలడానికి ఆధారమైన న్యాయకారణమే లెక్క. అద్దె బాకీ కేసులో జడ్జి మాటవరసకు వీలునామా గురించి అన్నది మీ వీలునామా దావాను గెలిపించదు. చాలామంది హెడ్‌నోట్‌తో సరిపెడతారు. అది సంపాదకుల సారాంశం, కోర్టు మాట కాదు. పేరాలే చదవండి. బెంచిలో ఎందరు జడ్జిలో చూడండి: ముగ్గురు చెప్పినదాన్ని ఇద్దరు కాదనలేరు. ఆ తీర్పును తర్వాత పైకోర్టు కొట్టేసిందేమో చూశాకే ఫైల్లో పెట్టండి.