సమాధానం: సెలవు పెట్టినా అలసట తీరకపోతే

చెల్లెమ్మా, నరసన్నపేట దగ్గర ఏఎన్‌ఎంగా చేస్తున్నానని, సెలవు పెట్టినా అలసట తీరలేదని, యాప్‌లో ఒక ఎంట్రీ తప్పుపోతే మీటింగ్‌లో అన్న మాటే రాత్రంతా బుర్రలో తిరుగుతోందని రాశావు.

పని ఆగినా ఆలోచన ఆగకపోతే ఒంటికి విశ్రాంతి దొరకదమ్మా. "రేపు మళ్లీ తిడతారు" అని ఊహించుకున్నా చాలు, గుండెదడ నిజంగానే వస్తుంది, నిద్ర పట్టదు. నిద్రలేక మర్నాడు ఇంకో తప్పు జరుగుతుంది. "నేను దేనికీ పనికిరాను" అనే మాటకి అదే సాక్ష్యమైపోతుంది. ఒక్క తప్పును మనిషి మొత్తానికి అంటగట్టే ఇలాంటి ఆలోచనల మీదే 1960లలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు ఒక చికిత్సను రూపొందించాడు.

"పనికిరాను" అనే ఆ మాట బుర్రలోకి వచ్చినప్పుడు కాగితం మీద ఉన్నదున్నట్టు రాయి. దాని కింద జరిగింది మాత్రమే రాయి: "ఒక ఎంట్రీ తప్పింది. సరిచేశాను. ఈ వారం టీకాలన్నీ వేశాను." పాజిటివ్‌గా ఉండమనే సలహాలు వదిలెయ్. బలవంతపు ధైర్యం తెల్లారేదాకా నిలవదు.

అలాగని తప్పంతా నీ ఆలోచనలదే అనుకోకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను, అంటే పనితో పూర్తిగా అలసిపోవడాన్ని, పనిచోట తీరని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగానే చెప్పింది. సర్వేలన్నీ నీ నెత్తినే పడుతుంటే, తోటివాళ్లతో కలిసి పైఅధికారికి రాసి ఇవ్వండి. ఇది తప్పకుండా చెయ్యి.

రెండు వారాలైనా నిద్ర కుదురుకోకపోతే శ్రీకాకుళం రిమ్స్ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులకి చూపించుకో. బతకాలనిపించకపోతే మాత్రం ఆ క్షణమే 14416కి, టెలిమానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.