అబద్ధమాడిన పిల్లవాడి కథ రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. లెక్కల్లో వచ్చిన 12 మార్కులను 72గా దిద్దుతున్నప్పుడు పిల్లవాడు నాలుక కొసను పళ్ల మధ్య పట్టుకున్నాడని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఆ తర్వాత తండ్రి నోట హరిశ్చంద్రుడి గురించి పేజీన్నర ఉపన్యాసం చెప్పించావు. ఆ పేజీన్నరలో పిల్లవాడు నాకు కనబడలేదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు ఒక ఉదయం తులసికోటలో మట్టి మీద మీగడ తెట్టు, దాని చుట్టూ చీమలు కనిపించాయి. సంగతి అర్థమై కూడా లోపలికి వెళ్లి, "పాలు తాగావా?" అని అడిగాను. తాగానంది. మళ్లీ గద్దించి అడిగితే, "తాగి మూతి కూడా కడుక్కున్నాను" అంది. తెలిసిన విషయాన్నే తెలియనట్టు అడిగి, ఆ రెండో అబద్ధాన్ని దాని చేత ఆడించింది నేనేనని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అప్పుడు మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఏమీ అడగకుండా, "మీగడ అడ్డుపడుతోందా తల్లీ? రేపటి నుంచి వడగట్టి ఇస్తాలే" అంది. పిల్ల నాన్నమ్మ చీర కుచ్చిళ్లలో మొహం దాచుకుని, "తాగలేదు, పారబోశాను" అని ఏడ్చింది. తప్పు ఒప్పుకున్నందుకు అమ్మ దాన్ని మెచ్చుకుంది. ఆ మట్టిని మాత్రం దాని చేతనే శుభ్రం చేయించింది.

కాంగ్ లీ, విక్టోరియా తల్వార్ తదితర మనస్తత్వ శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించిన పరిశోధన ఒకటి మన పనికి దగ్గరగా ఉంటుంది. బొమ్మను చూడవద్దని చెప్పినా తొంగిచూసిన మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు ఒక కథ చదివి వినిపించి, ఆ తర్వాత చూశావా అని అడిగారు. అబద్ధానికి శిక్ష పడే కథలు, మనం "నాన్నా పులి" అని చెప్పుకునే కథతో సహా, పెద్దగా పనిచేయలేదు. తర్వాత అమెరికా తొలి అధ్యక్షుడైన జార్జ్ వాషింగ్టన్ చిన్నప్పుడు చెట్టు నరికింది తానేనని ఒప్పుకుంటే తండ్రి మెచ్చుకునే కథ, అది కల్పితమే అయినా, విన్న పిల్లల్లో మాత్రం నిజం చెప్పినవారు మిగతా వారికంటే ఎక్కువ. భయపెట్టే కథలే పిల్లలకు మంచివని నేనూ చాలా ఏళ్లు నమ్మి రాశాను కనుక ఈ ఫలితం నన్ను కదిలించింది.

కాబట్టి నీ కథలో తండ్రి అడిగే మొదటి ప్రశ్నను మళ్లీ రాయి. ఆ అంకె దిద్దినదని అతనికి అప్పటికే తెలుసా, తెలియదా? తెలిస్తే, "ఇవి నిజమైన మార్కులేనా?" అని అతను అడగడం వల వేయడమే అవుతుంది, "ఈ ఒకటిని ఏడు చేసినట్టున్నావు, మార్కులు చూసి నేను ఏమంటానని భయపడ్డావు?" అంటే పిల్లవాడికి బయటపడే దారి దొరుకుతుంది. మర్నాడు ఇద్దరూ కలిసి బడికి వెళ్లి మాస్టారికి చెప్పే సన్నివేశం నీ కథలో లేదు; నాకైతే అసలు కథ అక్కడే ఉందనిపిస్తోంది. తండ్రి కూడా ఆ గుమ్మం దగ్గర కాస్త తడబడనీ.

హరిశ్చంద్రుడి పేజీన్నర తీసేసి పంపు. ఆ రాత్రి పిల్లవాడు అన్నం తిన్నాడో లేదో, ఎవరి పక్కన పడుకున్నాడో మాత్రం తప్పకుండా రాయి.

ఇట్లు,
నీ క్షేమం కోరే అన్నయ్య